సరిగ్గా ఎనిమిదింటికి ఫోన్ మోగాలి: జావా ఏపీఐలతో నా అనుభవం

నాన్నకు బీపీ మాత్రలు మొదలైన కొత్తల్లో, 2006లో, ఆయన ఫోన్‌లో మూడు అలారాలు పెట్టి ఇచ్చాను. టైంకి మోగేవి. మోగగానే ఆయన ఆపేసేవారు. ఏ మాత్ర కోసం మోగిందో ఫోన్ చెప్పేది కాదు. అరగంట తర్వాత "పొద్దున్నది వేసుకున్నానా, లేదా?" అని అమ్మని అడిగేవారు. అమ్మకు మాత్రం ఎలా తెలుస్తుంది? మాత్ర పేరు తెర మీద పెద్దగా కనిపించాలి, "వేసుకున్నా" అని ఒక బటన్ ఉండాలి, నొక్కిన టైం ఫోన్ గుర్తుపెట్టుకోవాలి. నాకు కావలసింది అంతే. ఆ ఫోన్‌లో జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన అప్లికేషన్లు నడుస్తాయని తెలుసు. జావా నాకు వచ్చు. ఫోన్ చేత పని చేయించుకోవడానికి ముందే తయారుగా ఉండే క్లాసులు (కోడ్ ముక్కలు), వాటిలోని మెథడ్లు (పిలిస్తే ఒక్కో పని చేసేవి), వీటినే ఏపీఐ అంటారు. రెండు వారాల పని అనుకున్నాను. ఆ అప్లికేషన్‌కి ఇప్పటికీ ఏటా ఏదో ఒక మార్పు చేస్తూనే ఉన్నాను.

కంప్యూటర్ మీద రాసే జావా వేరు, ఫోన్‌లో దొరికే జావా వేరు అని మొదటి రోజే తెలిసింది. ఫోన్ జావాని అప్పట్లో జె2ఎంఈ అనేవాళ్ళం. అందులో రెండు అంతస్తులు. కింద సీఎల్‌డీసీ: భాషకు సంబంధించిన మూల క్లాసులు, జావా కోడ్‌ని నడిపే వర్చువల్ మెషీన్ ఎలా ఉండాలన్న నియమాలు. దాని మీద మిడ్‌పీ: తెర, కీలు, డేటా దాచుకోవడం, నెట్‌వర్క్. ఈ రెండూ కలిస్తేనే ఫోన్ అప్లికేషన్. పైన ఇంకా కావాలంటే జెఎస్ఆర్ అనే అదనపు ప్రమాణాలు: బ్లూటూత్‌కి జెఎస్ఆర్ 82, ఫైళ్ళకూ కాంటాక్టులకూ జెఎస్ఆర్ 75, ఆడియో వీడియోలకు జెఎస్ఆర్ 135, ఉన్న చోటు తెలుసుకోవడానికి జెఎస్ఆర్ 179, ఇలా నంబర్లు. ఇవి ఉంటే ఉంటాయి, లేకపోతే లేవు. ఒకే కంపెనీవి, ఒకే ఏడాది వచ్చిన రెండు ఫోన్లలో కూడా జాబితా వేరుగా ఉండేది.

సీఎల్‌డీసీ కనీసం 160 కిలోబైట్ల మెమరీ ఉన్న పరికరాల కోసం రాసుకున్న ప్రమాణం. ఆ సంఖ్య మనసులో పెట్టుకుంటే మిగతావన్నీ అర్థమవుతాయి. జాబితాలు దాచుకునే అర్రేలిస్ట్ లేదు, దాని పాత రూపం వెక్టర్ ఉంది. హాష్‌మ్యాప్ లేదు, హాష్‌టేబుల్ ఉంది. ప్రోగ్రాం తన క్లాసుల్ని తానే పరిశీలించుకునే రిఫ్లెక్షన్ లేదు. మొదటి వెర్షన్‌లో దశాంశ సంఖ్యలే లేవు, ఫ్లోట్, డబుల్ అని రాస్తే ఒప్పుకునేది కాదు; 1.1 వెర్షన్‌లో అవి వచ్చాయి. నాన్న వేసుకునేది కొన్ని రోజులు సగం మాత్ర. 0.5 అని రాయడానికి వీల్లేక, మాత్రలన్నిటినీ సగాల్లో లెక్కపెట్టాను. ఒక మాత్ర అంటే రెండు, సగం అంటే ఒకటి. ఈ లెక్క నాకు ఎంత నచ్చిందంటే, ఇవాళ ఆ అవసరం ఏమీ లేకపోయినా కోడ్‌లో అలాగే ఉంచాను.

మిడ్‌పీ అప్లికేషన్‌ని మిడ్లెట్ అంటారు. దానికి మూడు మెథడ్లు తప్పనిసరి: స్టార్ట్‌యాప్, పాజ్‌యాప్, డెస్ట్రాయ్‌యాప్. పేర్లు చూస్తే పాఠం అయిపోయినట్టే అనిపిస్తుంది. నేను తెర తయారుచేసే కోడ్ అంతా స్టార్ట్‌యాప్‌లో పెట్టాను. కంప్యూటర్ మీద ఫోన్‌లా నటించే ఎమ్యులేటర్‌లో బ్రహ్మాండంగా నడిచింది. నాన్న ఫోన్‌లో రెండో రోజే మూడు మాత్రల జాబితా ఆరైంది. సాయంత్రానికి తొమ్మిది. చూస్తే, మధ్యలో ఎవరైనా ఫోన్ చేస్తే అప్లికేషన్ పాజ్ అయ్యేది. మాట్లాడటం అయ్యాక ఫోన్ మళ్ళీ స్టార్ట్‌యాప్‌నే పిలిచేది. మొదటిసారికీ, తిరిగి రావడానికీ మెథడ్ ఒక్కటే. డాక్యుమెంట్‌లో ఆ సంగతి స్పష్టంగానే ఉంది, నేను పేరు చూసి ముందుకెళ్ళిపోయాను. ఎమ్యులేటర్‌కి ఎవరూ ఫోన్ చేయరు కాబట్టి అక్కడ ఈ బగ్ ఎప్పటికీ కనిపించేది కాదు. అప్పటినుంచి, ఏ ఏపీఐలో ఏ మెథడ్ వాడినా "దీన్ని ఎవరు పిలుస్తారు, ఎన్నిసార్లు పిలుస్తారు?" అని ముందు వెతుకుతాను.

తెర విషయానికి వస్తే రెండు దారులు. ఫామ్, లిస్ట్ లాంటి తయారు క్లాసులు వాడితే ఎలా కనిపించాలన్నది ఫోనే చూసుకుంటుంది. కాన్వాస్ వాడితే ప్రతి గీతా మనమే గీసుకోవాలి. మొదట ఫామ్ వాడాను. అక్షరాలు చిన్నవి, నాన్నకు కళ్ళజోడు లేకుండా కనబడేవి కావు. కమాండ్లు (మెనూ బటన్లు) పెడితే "వేసుకున్నా" ఒక ఫోన్‌లో ఎడమవైపు, ఇంకో ఫోన్‌లో కుడివైపు మెనూ లోపల వచ్చేది. కమాండ్‌కి మనం ఇచ్చే రకం, ప్రాధాన్యం ఫోన్‌కి సూచన మాత్రమే. అందుకని కాన్వాస్‌కి మారాను. అక్కడ ఫాంట్‌కి చిన్న, మధ్య, పెద్ద అని మూడే సైజులు. ఆ "పెద్ద" కూడా చాలలేదు. చివరికి మాత్రల పేర్లని బొమ్మలుగా చేసి, అప్లికేషన్ అంతా కట్టిపెట్టే జార్ ఫైల్‌లో పెట్టాను. కాన్వాస్‌లో ఇంకో చిక్కు సాఫ్ట్ కీలు. తెర కింద ఉండే ఆ రెండు కీల కోడ్లు ప్రమాణంలో లేవు. ఒక కంపెనీ ఫోన్లలో మైనస్ 6, మైనస్ 7. మరో కంపెనీవాటిలో మైనస్ 21, మైనస్ 22. దాంతో సాఫ్ట్ కీల జోలికి పోకుండా, మధ్యలో ఉండే ఫైర్ కీని "వేసుకున్నా"కి పెట్టేశాను. గెట్‌గేమ్‌యాక్షన్ అనే మెథడ్ ఆ కీని ఏ ఫోన్‌లోనైనా ఒకే పేరుతో చెబుతుంది. ఆటల కోసం పెట్టిన మెథడ్ మాత్రల పనికి వచ్చింది.

డేటా దాచుకోవడానికి మిడ్‌పీలో ఉన్నది రికార్డ్‌స్టోర్. ఫైల్ కాదు, డేటాబేస్ కాదు. బైట్ల ముద్దలు, ఒక్కోదానికి ఒక నంబర్. మాత్ర పేరు, టైం, మోతాదు అన్నీ వరుసగా బైట్లుగా రాసి, చదివేటప్పుడు అదే వరుసలో తీసుకోవాలి. ఇది పెద్ద కష్టం కాదు. కష్టం ఎక్కడొచ్చిందంటే, డాక్టరు గారు ఒక మాత్ర ఆపేయమన్నప్పుడు. రెండో నంబర్ రికార్డ్ తీసేశాను. అప్లికేషన్ మళ్ళీ తెరుచుకోలేదు. నా లూప్ ఒకటి నుంచి మొత్తం రికార్డుల సంఖ్య దాకా నడిచేది. మూడులో ఒకటి పోతే మిగిలినవి రెండు, వాటి నంబర్లు ఒకటి, మూడు. తీసేసిన నంబర్‌ని రికార్డ్‌స్టోర్ మళ్ళీ ఎవరికీ ఇవ్వదు. నా లూప్ రెండో నంబర్ కోసం వెళ్ళి బోర్లాపడేది. ఉన్నవాటినే ఒక్కొక్కటిగా ఇచ్చే ఎన్యుమరేషన్ వాడాలి. సరిచేయడానికి నాలుగు లైన్లు. కానీ ఆ నాలుగు లైన్లు రాసేలోపు నాన్న ఒక పూట మాత్ర మానేశారు. ఆ రోజు నాకు చాలా బాధనిపించింది. సరదాగా రాసుకునే కోడ్‌కీ, ఒక మనిషి నమ్ముకున్న కోడ్‌కీ ఉన్న తేడా అప్పుడు తెలిసొచ్చింది.

ఇక అసలు సంగతి, మోగడం. అప్లికేషన్ మూసి ఉన్నప్పుడు అదంతట అదే ఎలా లేస్తుంది? మిడ్‌పీ 1.0లో దారి లేదు. 2.0లో పుష్‌రిజిస్ట్రీ అనే క్లాస్ వచ్చింది. అందులో రిజిస్టర్‌అలారం అనే మెథడ్‌కి మిడ్లెట్ పేరు, టైం ఇస్తే ఆ టైంకి ఫోన్ మన అప్లికేషన్‌ని లేపుతుంది. చదవగానే ఎగిరి గంతేశాను. షరతులు ఒక్కొక్కటే తర్వాత బయటపడ్డాయి.

మొదటి షరతు: ఒక మిడ్లెట్‌కి ఒకే అలారం. నేను వరుసగా మూడు టైంలు ఇచ్చాను, చివరిదొక్కటే మిగిలింది. రెండోసారి పిలిచినప్పుడు ఆ మెథడ్ పాత టైంని తిరిగి ఇస్తుంది. అంటే "నీ పాతదాన్ని తీసేశాను, ఇదిగో" అని అది చెబుతూనే ఉంది, నేను ఆ విలువని పట్టించుకోలేదు. కాబట్టి పద్ధతి మార్చాను. ఎనిమిదింటికి లేవగానే ముందు మధ్యాహ్నం రెండింటి అలారం పెట్టేసి, ఆ తర్వాతే తెర గీయడం. రెండింటికి లేచాక రాత్రి తొమ్మిదిది. గొలుసులాగా. ఒక్క లింకు తెగితే ఆపైన ఏదీ మోగదు, అందుకని తర్వాతి అలారం పెట్టడమే అన్నిటికన్నా ముందు జరగాలి.

రెండో షరతు: అప్లికేషన్ అప్పటికే తెరిచి ఉంటే పుష్‌రిజిస్ట్రీ దాన్ని లేపదు. నడుస్తున్నప్పుడు నీ టైం నువ్వే చూసుకో అని నియమం. కాబట్టి లోపల ఒక టైమర్ కూడా పెట్టాలి. మూడోది: ఫోన్ స్విచాఫ్ చేసి ఉంటే మోగుతుందన్న భరోసా లేదు. నాలుగోది మాత్రం నేను ఊహించనిది.

మొదటి రోజు పొద్దున్నే నాన్న పక్కనే కూర్చున్నాను. ఎనిమిదైంది. ఫోన్ వణికింది. తెర మీద నా మాత్ర బొమ్మ రాలేదు. "ఈ అప్లికేషన్ దానంతట అదే మొదలవడానికి అనుమతిస్తారా?" అని ఇంగ్లీషులో ఒక ప్రశ్న, కింద అవును, కాదు. నాన్న నా మొహం చూసి, "ఇదేంట్రా, ఏదో అడుగుతోంది" అని భయంభయంగా "కాదు" నొక్కారు. తెలియనిదాన్ని ఒప్పుకోకూడదని నేనే ఆయనకు నేర్పాను. ఆయన చేసింది సరైన పనే.

ఆ ప్రశ్న ఎందుకొచ్చిందంటే, నా అప్లికేషన్‌కి డిజిటల్ సంతకం లేదు. సంతకం లేని అప్లికేషన్‌ని ఫోన్ అపరిచితుడిగా చూస్తుంది. దానంతట అది లేవడం, నెట్‌వర్క్ వాడటం, మెసేజ్ పంపడం లాంటి ప్రతి పనికీ మనిషిని అడుగుతుంది. సంతకం చేయాలంటే గుర్తింపు ఉన్న సంస్థ నుంచి సర్టిఫికెట్ కొనాలి. ఆ సంస్థ మూల సర్టిఫికెట్ ఫోన్‌లో ముందే ఉండి ఉండాలి. లేకపోతే సంతకం చేసిన అప్లికేషన్ ఇన్‌స్టాల్ కూడా కాదు, సంతకం లేనిదే నయం. ఇంట్లో ఒక్కరి కోసం రాసుకున్నదానికి అంత డబ్బు పెట్టలేకపోయాను. ఫోన్ సెట్టింగ్స్‌లో చాలా లోపలికి వెళ్తే ఆ అప్లికేషన్‌కి "ప్రతిసారీ అడుగు" అన్నదాన్ని మార్చే వీలుంది. అది మార్చాక ప్రశ్న బెడద చాలావరకు తగ్గింది. కానీ ఈ నియమం మీద నాకు ఇప్పటికీ కోపం లేదు. ఎవరో రాసిన ప్రోగ్రాం అర్ధరాత్రి దానంతట అదే లేచి మెసేజ్‌లు పంపకుండా ఆపింది కూడా ఈ ప్రశ్నే. నా బాధంతా ఆ ప్రశ్న అడిగిన తీరు గురించి. దేనికి ఒప్పుకుంటున్నాడో మనిషికి అర్థం కాని ప్రశ్న అడిగి ఏం లాభం?

ఫోన్‌లోకి ఎక్కించడం గురించి కూడా రెండు ముక్కలు చెప్పాలి. కంపైల్ చేసిన క్లాసులని ముందు ప్రీవెరిఫై చేయాలి. చిన్న ఫోన్ మీద పూర్తి తనిఖీ భారమని, సగం తనిఖీ కంప్యూటర్‌లోనే చేసి దాని గుర్తులు క్లాస్ ఫైల్‌లో రాసిపెట్టే పద్ధతి అది. చాలా తెలివైన ఏర్పాటు. తర్వాత జావా 6 నుంచి పెద్ద జావాలోకీ అలాంటిదే వచ్చింది. ఆ తర్వాత జార్ ఫైల్, దాని వివరాలు రాసిన జాడ్ ఫైల్. జాడ్‌లో జార్ సైజు బైట్లలో రాయాలి, ఒక్క బైట్ తేడా ఉన్నా ఇన్‌స్టాల్ ఆగిపోతుంది. నెట్ ద్వారా దించుకునేటప్పుడు ఫోన్ వెనక్కి పంపే కోడ్లలో 904 అంటే అదే. ఒక రాత్రంతా ఆ 904తో గడిపాను. బొమ్మ మార్చి జార్ మళ్ళీ కట్టాను, జాడ్‌లో పాత సైజు అలాగే ఉండిపోయింది.

ఆ అప్లికేషన్ నాన్న ఫోన్‌లో ఆరేళ్ళు నడిచింది. 2012లో ఆయనకు ఆండ్రాయిడ్ 2.3 ఉన్న ఫోన్ ఇచ్చాం.

భాష అదే కదా, కొద్దిగా సర్దితే సరిపోతుందని మొదట అనుకున్నాను. కాదు. ఆండ్రాయిడ్‌లో రాసేది జావాలోనే అయినా, మిడ్లెట్, మిడ్‌పీ కాన్వాస్, రికార్డ్‌స్టోర్, పుష్‌రిజిస్ట్రీ, ఇవేవీ అందులో లేవు. కిందనున్న వర్చువల్ మెషీన్ కూడా వేరు. క్లాస్ ఫైళ్ళని డెక్స్ అనే ఇంకో రూపంలోకి మార్చి, అప్పట్లో డాల్విక్ అనే మెషీన్ మీద నడిపేవారు. 2014లో ఆండ్రాయిడ్ 5.0తో ఆ స్థానంలోకి ఏఆర్‌టీ వచ్చింది. నా పాత కోడ్‌లో ఒక్క క్లాస్ మాత్రం అక్షరం మారకుండా కొత్త ఫోన్‌లోకి వచ్చేసింది. తర్వాతి మాత్ర ఎప్పుడో లెక్కకట్టేది. అందులో ఉన్నవి వెక్టర్, క్యాలెండర్, డేట్ మాత్రమే. ఆ మూడూ జావా మూల ప్యాకేజీలవి, రెండు చోట్లా అదే పేరుతో, అదే పద్ధతిలో ఉన్నాయి.

అందుకే జావా హక్కులున్న ఒరాకిల్‌కీ, ఆండ్రాయిడ్ తయారుచేసే గూగుల్‌కీ మధ్య కోర్టు కేసుని నేను చాలా దగ్గరగా గమనించాను. ఒరాకిల్ 2010లో వేసిన కేసు అది. ఆండ్రాయిడ్‌లో 37 జావా ప్యాకేజీల (క్లాసుల గుంపుల) డిక్లరేషన్లు, అంటే మెథడ్ల పేర్లు ప్రకటించే లైన్లు, దాదాపు 11,500 లైన్లు, అలాగే తీసుకున్నారన్నది వివాదం. లోపలి కోడ్ గూగుల్ వేరుగా రాయించుకుంది. పేర్లు, వాటి అమరిక మాత్రం జావావి. అమెరికా సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్ 5న ఆరుగురు ఒకవైపు, ఇద్దరు మరోవైపుగా, ఆ వాడకం న్యాయమైన వినియోగం (ఫెయిర్ యూజ్, అనుమతి లేకపోయినా చెల్లే వాడకం) కిందికే వస్తుందని తీర్పు చెప్పింది. వార్తల్లో అది రెండు పెద్ద కంపెనీల తగాదాగానే వచ్చింది. నాకు మాత్రం నా తర్వాతి మాత్ర క్లాసే గుర్తొచ్చింది. 2006లో నేర్చుకున్న పేర్లు 2012లోనూ చెల్లాయి కాబట్టే ఆ లెక్క మళ్ళీ రాయకుండా, మళ్ళీ తప్పు చేయకుండా బయటపడ్డాను.

ఆండ్రాయిడ్‌లో టైంకి లేపే పని అలారంమేనేజర్‌ది. ఎన్ని అలారాలైనా పెట్టుకోవచ్చని చదివి ప్రాణం లేచొచ్చింది. మూడు పెట్టాను. రాత్రిది ఒక్కటే మోగింది. పుష్‌రిజిస్ట్రీ నాటి జబ్బే మళ్ళీ వచ్చినట్టుంది, కానీ కారణం వేరు. అలారంమేనేజర్‌కి మనం పెండింగ్‌ఇంటెంట్ అనే ఒక చీటీ ఇస్తాం: "టైం అయినప్పుడు నా తరఫున ఈ పని చేయి" అని. మూడు చీటీల్లోనూ పని ఒకటే, లోపల అదనంగా పెట్టిన మాత్ర పేరు మాత్రం వేరు. రెండు చీటీలు ఒకటేనా కాదా అని సిస్టం చూసేటప్పుడు ఆ అదనపు సమాచారాన్ని లెక్కలోకి తీసుకోదు. రిక్వెస్ట్ కోడ్ అనే నంబర్‌ని మాత్రం చూస్తుంది. నేను మూడింటికీ సున్నా ఇచ్చాను. కాబట్టి సిస్టం దృష్టిలో అది ఒకే చీటీ; దాన్ని మూడుసార్లు మార్చి రాశానంతే. ఒక్కో మాత్రకు ఒక్కో నంబర్ ఇచ్చాక మూడూ మోగాయి. ఇదే తప్పు చేసినవాళ్ళు ఆ తర్వాత నాకు చాలామంది కనిపించారు. ఎవరైనా "నా అలారాల్లో చివరిదే మోగుతోంది" అంటే రిక్వెస్ట్ కోడ్ ఎంత ఇచ్చారని అడుగుతాను.

ఆ వారంలోనే ఇంకో రెండు. ఫోన్ ఆపి ఆన్ చేస్తే అలారాలన్నీ చెరిగిపోతాయి. ఫోన్ లేవగానే వచ్చే బూట్ కంప్లీటెడ్ అనే ప్రకటన విని మళ్ళీ పెట్టుకోవాలి. దానికి పర్మిషన్‌ని అప్లికేషన్ వివరాలుండే మానిఫెస్ట్ ఫైల్‌లో రాయాలి. రెండోది, అలారం మోగినప్పుడు దాన్ని అందుకునే మన రిసీవర్ కోడ్ నడుస్తున్నంతసేపే ఫోన్ మేలుకుని ఉంటుందన్న హామీ. ఆ మెథడ్ ముగిసిందంటే ఫోన్ మళ్ళీ నిద్రలోకి జారుకోవచ్చు. నేను అక్కడ నుంచి వెనకాల నడుస్తూ శబ్దం మోగించే సర్వీస్‌ని మొదలుపెట్టి వెంటనే బయటికొచ్చేవాణ్ణి. బల్ల మీద ఛార్జర్ పెట్టి పరీక్షించినప్పుడు ఎప్పుడూ మోగేది. జేబులో ఉన్నప్పుడు అప్పుడప్పుడు మోగేది కాదు. ఫోన్‌ని నిద్రపోనివ్వని వేక్‌లాక్ పట్టుకుని, సర్వీస్ పని అయ్యాక వదిలేలా రాస్తే గానీ కుదరలేదు. నేను ఛార్జర్ తీసేసి పరీక్షించడం మొదలుపెట్టింది అప్పటినుంచే.

ఇంతవరకు బగ్‌లన్నీ నావి. ఆ తర్వాతి ఏళ్ళలో కోడ్ మారకుండానే ఫోన్ మాట మారుస్తూ వచ్చింది. 2013లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.4లో, కొత్త వెర్షన్‌ని లక్ష్యంగా పెట్టుకున్న (దాని నియమాల ప్రకారం నడుస్తానని చెప్పుకున్న) అప్లికేషన్లకి మామూలు సెట్ మెథడ్ కచ్చితమైనది కాకుండా పోయింది. బ్యాటరీ మిగల్చడానికి సిస్టం దగ్గరదగ్గరి అలారాలని కలిపి ఒకేసారి మోగిస్తుంది. కచ్చితంగా కావాలంటే సెట్‌ఎగ్జాక్ట్ వాడాలి. 6.0లో డోజ్ వచ్చింది. ఫోన్ ఛార్జర్‌కి లేకుండా, కదలకుండా, తెర ఆఫ్‌లో కొంతసేపు ఉంటే గాఢనిద్రలోకి వెళ్తుంది; అప్పుడు సెట్‌ఎగ్జాక్ట్ కూడా ఆగాల్సిందే. నాన్న రాత్రి ఫోన్‌ని బల్ల మీద పెట్టి పడుకుంటారు. పొద్దున ఎనిమిది దాకా అది అక్కడే ఉంటుంది. డోజ్‌కి ఇంతకన్నా అనువైన పరిస్థితి ఉండదు. "ఒరే, పొద్దున మోగలేదురా, నేను ఫోన్ చేతిలోకి తీసుకున్నాక మోగింది" అన్నారు. ఆ ఒక్క మాటతోనే కారణం దొరికింది.

డోజ్‌ని దాటడానికి రెండు మెథడ్లు ఉన్నాయి. నిద్రలో కూడా మోగనిచ్చే సెట్‌ఎగ్జాక్ట్ రకం ఒకటి. 5.0లోనే వచ్చిన సెట్‌అలారంక్లాక్ రెండోది. నేను రెండోదే ఎంచుకున్నాను. అది వాడితే తెర పైన గడియారం గుర్తు కనిపిస్తుంది, సిస్టం కూడా ఆ టైంకి కాస్త ముందే గాఢనిద్ర నుంచి బయటికొస్తుంది. ఇది మనిషి అడిగి పెట్టుకున్న అలారం అని ఫోన్‌కి సూటిగా చెప్పడమే దాని ఉద్దేశం. మాత్రల అలారం అలాంటిదే కదా. ఇంతకుముందు వాడిన మెథడ్లలో "ఫలానా టైంకి నన్ను లేపు" అని మాత్రమే చెప్పాను, ఎందుకో చెప్పలేదు. ఎందుకో చెప్పే వీలిచ్చిన ఏపీఐ నాకు ఇదొక్కటే దొరికింది.

అప్పటికి చుట్టాలు, స్నేహితులు అడిగితే ప్లే స్టోర్‌లో పెట్టాను. అక్కడ పెట్టాక ఏటా లక్ష్య వెర్షన్ పెంచుతూ పోవాలి. 2018 ఆగస్టు నుంచి కొత్త అప్లికేషన్లు కనీసం 8.0ని లక్ష్యంగా పెట్టుకోవాలన్నారు. అలా పెంచగానే నోటిఫికేషన్లు రావడం మానేశాయి. నోటిఫికేషన్లని రకాలుగా విడదీసే ఛానెల్ తయారుచేయకుండా పంపితే అవి కనిపించవు. 10కి మారాక అలారం మోగగానే మాత్ర తెర నేరుగా తెరవడం కుదరలేదు, వెనకాల ఉన్న అప్లికేషన్ హఠాత్తుగా తెర మీదకి రాకూడదని నియమం. పూర్తి తెర నోటిఫికేషన్‌గా పంపాల్సి వచ్చింది. 12కి పెంచితే పెండింగ్‌ఇంటెంట్‌ని తర్వాత మార్చే వీలుందా, లేదా అన్నది చెప్పనందుకు అప్లికేషన్ అక్కడికక్కడే ఆగిపోయింది. కచ్చితమైన అలారాలకి వేరే పర్మిషన్ కూడా మొదలైంది. 13లో నోటిఫికేషన్ చూపించాలన్నా మనిషిని అడగాలి. 14లో కొత్తగా ఇన్‌స్టాల్ చేసినవాళ్ళకి కచ్చితమైన అలారం పర్మిషన్ మొదట్నుంచీ లేనట్టే లెక్క, సెట్టింగ్స్‌కి పంపి ఇప్పించుకోవాలి. గడియారం, క్యాలెండర్ లాంటివాటికి వేరే దారి ఉంది.

వీటిలో ఏదీ అన్యాయం కాదు. ఇన్ని వేల అప్లికేషన్లు ఎవరికి వారు ఫోన్‌ని లేపుతుంటే బ్యాటరీ సాయంత్రం దాకా ఉండదు. కానీ ఒక కంపెనీ ఫోన్ గురించి మాత్రం నాకు గట్టిగా కోపం ఉంది. ఆండ్రాయిడ్ డాక్యుమెంట్‌లో లేని సొంత బ్యాటరీ పొదుపు అందులో ఉంది. ఇటీవలి అప్లికేషన్ల జాబితాలోంచి పక్కకి తోసేస్తే చాలు, అలారాలు కూడా పోతాయి. ఏ ఏపీఐతో అడిగినా ఈ సంగతి అది చెప్పదు. అలారం పెట్టావా అంటే పెట్టానంటుంది, తర్వాత మోగించదు. పుష్‌రిజిస్ట్రీ ఎన్ని షరతులు పెట్టినా వాటిని రాసిపెట్టింది. ఇది రాతలో లేని షరతు. ఇలాంటి ఫోన్ వాడేవాళ్ళకి ఇప్పుడు మొదటి తెర మీదే, ఆ సెట్టింగ్ ఎక్కడుందో బొమ్మలతో చూపిస్తున్నాను. "అవును, కాదు" అన్న పాత ప్రశ్న ముందు నాన్న మొహం గుర్తుపెట్టుకుని రాసిన తెర అది.

ఇదంతా కోట్లిన్ అనే కొత్త భాషలోకి మార్చకూడదా అని కుర్రాళ్ళు అడుగుతుంటారు. 2017లో ఆండ్రాయిడ్ దాన్ని అధికారికంగా చేర్చుకుంది, 2019 నుంచి కొత్త పనులకి దానికే మొదటి స్థానం. తెరలు గీసే కొత్త కంపోజ్ లైబ్రరీ కోట్లిన్‌లోనే రాయాలి. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి నేను కూడా కోట్లిన్ నేర్చుకోమనే చెబుతాను. ఈ అప్లికేషన్‌ని మాత్రం జావాలోనే ఉంచాను, ఇందులో గీయాల్సిన తెరలే నాలుగు. ఒక మార్పు మాత్రం ఇష్టంగా చేశాను. పాత క్యాలెండర్ క్లాస్‌ని తీసేసి జావా టైం ప్యాకేజీ పెట్టాను. క్యాలెండర్‌లో జనవరి సున్నా, డిసెంబర్ పదకొండు. నెలకోసారి వేసుకునే ఇంజెక్షన్ తేదీని ఒక నెల ముందుకు జరిపేసిన ఘనత దానిదే. జావా టైంలో జనవరి అంటే ఒకటి. ఈ ప్యాకేజీ ఆండ్రాయిడ్ 8.0 నుంచి ఫోన్‌లోనే ఉంటుంది. అంతకన్నా పాతవాటికి, కొత్త కోడ్‌ని పాత ఫోన్లకి సరిపడేలా మార్చే డీషుగరింగ్ ద్వారా అప్లికేషన్‌తో పాటే పంపవచ్చు.

పోయినేడు ఒక చిన్న సంగతి కలిపాను. అలారం పెట్టిన టైం, నిజంగా మోగిన టైం, రెండూ పక్కపక్కన దాచి వాటి తేడా చూపించే ఒక తెర. ఏ ఫోన్ మాట నిలబెట్టుకుంటోందో, ఏది ఆలస్యం చేస్తోందో అందులో తెలిసిపోతుంది. తేడా ఐదు నిమిషాలు దాటితే, ఆ ఫోన్‌లో ఏ పర్మిషన్ పోయిందో చూసి వాడేవాళ్ళకి చెబుతుంది. నాన్నకు ఇప్పుడు రోజుకి ఐదు మాత్రలు. ఇంటికెళ్ళినప్పుడల్లా ముందు ఆయన ఫోన్ తీసుకుని ఆ తెర తెరుస్తాను. నిన్న రాత్రి తొమ్మిది గంటల మాత్ర పక్కన 2 సెకన్లు అని ఉంది, దాని కింద ఆయన నొక్కిన టైం: తొమ్మిది దాటి నాలుగు నిమిషాలు.